నలభై నిమిషాల సెంటు

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మా బావమరిది ఆ సీసాను బల్ల మీద పెట్టాడు. చోటు చాలక పెరుగు గిన్నెను పక్కకు జరిపాడు. నేనింకా పెరుగన్నానికి రాలేదు. సెంటు సీసా కోసం పెరుగు గిన్నె జరగాల్సి రావడం నాకు మొదట్లోనే నచ్చలేదు.

బావమరిది అంటే మా ఆవిడకు తమ్ముడు. తాడేపల్లిలో హైవే పక్కన అద్దాల తలుపుల కొట్టు పెట్టి సెంట్లు అమ్ముతాడు. అంతకుముందు పదకొండేళ్లు పురుగుమందుల కంపెనీలో పనిచేశాడు. మనిషి పెద్దగా మారలేదు. అప్పుడూ చిమ్మే సీసాలే, ఇప్పుడూ చిమ్మే సీసాలే. అప్పుడు చిమ్మితే కనీసం పురుగు చచ్చేది.

సీసా అరచేతిలో ఇమిడేంత. లోపల పలచటి డికాక్షన్ రంగు ద్రవం. దానితో పాటు ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం. లెక్కపెట్టాను, పద్నాలుగు పేజీలు. మా ప్రెషర్ కుక్కరుతో వచ్చిన పుస్తకం ఎనిమిదే పేజీలు, అది పేలకుండా ఎలా చూసుకోవాలో కూడా అందులోనే ఉంది.

"ఇది మామూలు సెంటు కాదు బావా. తూర్పు దేశాల స్ఫూర్తితో చేసింది," అన్నాడు.

"ఎవరు చేశారు?"

"యూరప్ వాళ్లు."

గుంటూరులో కూర్చుని తూర్పు అంటే నాకు తెలిసింది తెనాలి. తెనాలి దాటితే కృష్ణ, కృష్ణ దాటితే దివిసీమ, ఆ పైన ఉప్పునీళ్లు. వీటిలో దేన్ని చూసి వాళ్లకు స్ఫూర్తి కలిగిందని అడిగాను. మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి ఖాళీ కూర గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది.

అతను పుస్తకం తెరిచి తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. ఇది అరిచే సెంటు కాదట. మనకంటే ముందు గదిలోకి రాదట. ఒంటి వేడికి కొంచెం కొంచెంగా తెరుచుకుంటుందట. ముందు పై వాసన, తర్వాత నడిమి వాసన, చివరికి అడుగు వాసన. మూడూ కలిసి ఒక మనిషి కథ చెప్పినట్టు ఉంటుందట. నాకు తుళ్లూరు వైపు స్థలాలు చూపించేవాళ్లు గుర్తొచ్చారు. వాళ్లు కూడా ఇలాగే ఖాళీ నేల మీద నిలబడి ఒక్కో అంతస్తూ చూపిస్తారు.

"ఎంతసేపుంటుంది?"

"ఎనిమిది గంటలు."

"ఎవరు కొలిచారు?"

"కంపెనీ వాళ్లు."

"ఎవరి ఒంటి మీద?"

అతను పుస్తకం వైపు చూశాడు. అందులో ఆ సంగతి లేదు. "నువ్వే కొలుచుకో బావా, నీకు కొలవడం సరదా కదా," అని సీసా నా వైపు తోశాడు.

సరదా అన్న మాట నాకు నచ్చలేదు. నేను చేసే పనే అది.

గుంటూరు మిర్చి యార్డులో నేను కాయ చూసే మనిషిని. బయటి దేశాలకు పంపే వ్యాపారుల తరఫున పొద్దున్నే వెళ్లి, రైతులు తెచ్చిన లాట్లలో, అంటే ఒక్కో రైతు బస్తాల కుప్పలో, ఒకటి రెండు బస్తాల నుంచి కాయ లాగి, విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని చెబుతాను. తేమ కొలవడానికి మిషను ఉంది. రంగుకు కళ్లున్నాయి. బూజుకు మాత్రం ముక్కే. కాయ పైకి నిగనిగలాడుతూ ఉండి లోపల గింజ దగ్గర బూజు పట్టి ఉంటుంది. విరిస్తే తడిసిన కర్ర వాసన, మూసిపెట్టిన కొట్టు వాసన వస్తుంది. ఒక్క బస్తా బూజు సముద్రం దాటి వెళితే మొత్తం సరుకు వెనక్కి వస్తుంది. అందుకని నేను బూజు అన్న లాట్ మీద నీలం సుద్దతో అడ్డంగా రెండు గీతలు, గుణకారం గుర్తులా గీస్తాను. ఆ గుర్తున్న బస్తా దగ్గర ఇంకెవరూ వంగరు. అది ఎర్రకాయ లెక్కలోంచి పోయి, తెల్లబడ్డ తాలు కాయతో పాటు సగం ధరకు పోతుంది.

ఈ పని నాకెవరూ నేర్పలేదు. పదో తరగతితో చదువు ఆగిపోయింది. శాతాలు బడిలో రాలేదు, తేమ మిషను మీద అంకెలు చూస్తూ చూస్తూ వచ్చాయి. పందొమ్మిదేళ్లుగా రోజుకో వరుస రాస్తున్నాను, ఎన్ని లాట్లు చూశాను, ఎన్ని కొట్టేశాను అని. నూటికి మూడు, చెడ్డ ఏడాది నాలుగు. ఎంత వాన పడ్డా అది ఐదు దాటలేదు.

కాయ చూసేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరు పెట్టారో తెలియదు, అందరూ పాటిస్తారు. పని అయ్యేదాకా కాఫీ టీలు తాగకూడదు, వక్కపొడి నమలకూడదు, తలకు వాసన నూనె రాయకూడదు, మొహానికి పౌడరు వేయకూడదు. పొద్దున పెరుగన్నం తిని, వాసన లేని సబ్బుతో చేతులు కడుక్కుని రావాలి. నా పెళ్లి మరుసటి వారం కూడా నేను అలాగే వెళ్లాను. అలాంటి ఇంట్లోకి ఇతను సెంటు సీసా పట్టుకొచ్చాడు.

సరే, ఆదివారం యార్డు ఉండదు కదా అని కొలవడానికి కూర్చున్నాను. చేతులు కడుక్కుని, గడియారం ముందు పెట్టుకుని, ఎడమ మణికట్టు మీద రెండు చుక్కలు వేసుకున్నాను. ఎడమ ఎందుకంటే కుడి చేత్తో రాయాలి. నిమిషానికొకసారి వాసన చూసి నా లెక్కల పుస్తకంలో రాశాను.

మొదటి నిమిషం గోరుతో నిమ్మతొక్క గిల్లినట్టుంది. నాలుగో నిమిషానికి ఏలక్కాయ, పాయసంలోది కాదు, డబ్బా అడుగున మిగిలిన పొట్టుది. పదకొండో నిమిషానికి గులాబి వచ్చింది. అయితే పువ్వు తాజాది కాదు, మండపం ఖాళీ అయ్యాక ఇంటికి తెచ్చిన దండలోది. ఇరవయ్యో నిమిషానికి వచ్చినదాన్ని నేను ఊహించలేదు. చిన్నప్పుడు ఒంగోలు అవతల మేనమామ గారి ఊళ్లో పొగాకు బ్యారన్ ఉండేది, పచ్చాకును వేడికి ఆరబెట్టే గది. ఆకు పండాక తలుపు తీస్తే లోపలి వేడి గాలి మొహాన్ని తాకేది. తేనె, ఎండుగడ్డి, కొంచెం మాడిన బెల్లం కలిపిన వాసన. నా మణికట్టు మీద ఉన్నది సరిగ్గా అదే, బాగా దూరం నుంచి. ఒక్క క్షణం రాయడం ఆపాను. వెంటనే ‘పొగాకు’ అని రాసి గీత గీశాను. యూరప్ వాళ్లు తూర్పు దేశాల పేరు చెప్పి మా మేనమామ బ్యారన్ అమ్ముతున్నారన్నమాట.

ముప్పై ఒకటో నిమిషానికి పలచబడింది. నలభయ్యో నిమిషానికి ఏమీ లేదు. మణికట్టును ముక్కుకు ఆనించి చూశాను. చర్మం వాసన తప్ప మరేమీ లేదు. ‘నలభై, సున్నా’ అని రాసి పుస్తకం మూసేశాను.

"ఎనిమిది గంటల్లో ఏడు గంటల ఇరవై నిమిషాలు అబద్ధం," అన్నాను.

బావమరిది సోఫాలో పడుకుని ఉన్నాడు. "నీ ముక్కు మిరపకాయలకు అలవాటు పడింది బావా. దానికి గుసగుసలు వినపడవు," అన్నాడు కళ్లు తెరవకుండా.

సాయంత్రం ఆరింటికి మా ఆవిడ కాఫీ ఇస్తూ ఆగింది. "ఏవండీ, అదింకా ఉంది. మీ పక్కన నిలబడితే తెలుస్తోంది. ఇప్పుడే బాగుంది కూడా."

నేను దాన్ని రాయలేదు. తమ్ముడి సరుకు గురించి అక్క చెప్పిన మాటను సాక్ష్యంగా తీసుకునేంత తెలివితక్కువ వాణ్ణి కాదు. పైగా ఒకసారి సున్నా పడ్డాక మళ్లీ కొలవడం దేనికి? ఆరిపోయిన పొయ్యి మీద ఎవరూ చెయ్యి పెట్టి చూడరు. ఇలా అనుకున్నాను. ఆ రోజు నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటిలో ఇది పెద్దది.

ఏ కొలతనైనా ఒకసారి తీసి నమ్మడం నాకు అలవాటు లేదు. అందుకని సోమవారం పొద్దున ఐదింటికి, స్నానం కాగానే మళ్లీ అదే చోట రెండు చుక్కలు వేసుకున్నాను. లెక్క వేసుకునే వేశాను. ఐదూ నలభైకి సున్నా. నేను యార్డులో మొదటి కాయ విరిచేది ఎనిమిదింటికి. మధ్యలో రెండు గంటల ఇరవై నిమిషాలు ఖాళీ. కట్టుబాటు ఎక్కడా తప్పినట్టు కాదు. మళ్లీ నిమిషానికోసారి వాసన చూస్తూ ఐదూ నలభైకి వచ్చాను. సున్నా. రాసి బయల్దేరాను. సబ్బుతో కడుగుదామని కూడా అనిపించలేదు. లేనిదాన్ని ఎవరు కడుగుతారు?

మొదటి పది లాట్లు బాగానే నడిచాయి. తొమ్మిది దాటాక ఎండ ముదిరింది. రేకుల కింద గాలి ఆడక చొక్కా వీపుకు అతుక్కుంది, చేతులు చెమర్చాయి. కాయను కుడి చేత్తో లాగి, రెండు చేతులతో విరిచి, ఎడమ చేత్తో ముక్కు దగ్గరకు తీసుకెళ్లడం నా పద్ధతి. పందొమ్మిదేళ్లుగా అంతే.

తొమ్మిదింబావుకు ఒక లాట్ కొట్టేశాను. తొమ్మిదీ నలభైకి ఇంకొకటి. మూడోది ఒకావిడది.

ఆవిడకు నా వయసే ఉంటుంది. దర్శి వైపు నుంచి వచ్చింది. కౌలు పొలం. నలభై ఆరు బస్తాలు, ఆ ఏడాది మొదటి కోత అంతా అదే. కాయ చూడముచ్చటగా ఉంది. విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడిసిన కర్ర. మూసిపెట్టిన కొట్టు.

"బూజమ్మా," అన్నాను.

"ఏందీ?"

"గింజ దగ్గర బూజు పట్టింది."

"నా కాయకా?" ఆవిడ కొంగు నడుముకు దోపుకుంది. "ఇంకోటి చూడయ్యా."

ఇంకో బస్తా నుంచి లాగి విరిచాను. అదే వాసన. మూడో బస్తాలోనూ అదే.

"వాన పడ్డ నాలుగు రోజులూ కళ్లంలోనే పండుకున్నా. కాయ మీద పట్టా కప్పి, పట్టా మీద నేను పండుకున్నా. నా ఈపు తడిసింది గానీ కాయ తడవలా. నువ్వేందయ్యా, ఒక్క ఇరుపు ఇరిచి బూజంటావు?"

"తడవకపోయినా చెమ్మకు పడుతుందమ్మా."

"చెమ్మ లేదు, తెమ్మ లేదు." ఆవిడ నా వైపు వంగి గాలి పీల్చింది. "నీ కాడే ఏందో వాసనొస్తంది. పీర్ల చావిట్లో ఊదు ఏసినట్టు."

బస్తాల మీద కూర్చున్న హమాలీలు తలలెత్తారు. "అయ్యగారు పెళ్లిచూపులకు పోతన్నట్టున్నాడు రోయ్," అన్నాడొకడు. నలుగురు నవ్వారు.

"నేను సెంట్లు పూసుకునే మనిషినా అమ్మా?" అన్నాను అందరికీ వినపడేలా.

దాన్ని అబద్ధం అని నేను అనుకోలేదు. నా పుస్తకంలో సున్నా ఉంది. ఆవిడ ముక్కుకు పుస్తకం లేదు. నీలం సుద్ద తీసి బస్తా మీద గుణకారం గుర్తు గీశాను. నా వెనకే వస్తున్న కొనుగోలుదార్లు ఇద్దరు ఆ గుర్తు చూసి ఆవిడ లాట్ దాటి అవతలికి నడిచారు. ఒక్కరు కూడా వంగలేదు.

"ఒరేయ్, మీకు ముక్కుల్లేవంట్రా? ఆయన ముక్కు మీద బతుకుతన్నారా మీరు?" అని ఆవిడ వాళ్ల వెనక అరుస్తూనే ఉంది.

పదకొండింటికి యార్డు గేటు పక్కన టీ కొట్టు దగ్గర కూర్చుని ఆ రోజు వరుస రాశాను. చూసినవి పదిహేడు. కొట్టేసినవి మూడు. రాశాక పెన్ను ఆగింది. మొదటి పదింటిలో ఒక్కటీ లేదు. తర్వాతి ఏడింటిలో మూడు. నూటికి మూడు రావాల్సిన చోట ఏడింటికే మూడు. పోనీ మూడూ ఒకే ఊరివా అంటే కాదు. ఒకటి దర్శి వైపుది, ఒకటి చిలకలూరిపేట దగ్గరది, ఒకటి పిడుగురాళ్ల అవతలిది. అక్కడ ఆ నెలలో ఒక్క చినుకు పడలేదని రైతులే గోల పెడుతున్నారు. వాన పడని చోట బూజు.

అయినా నాకు అనుమానం నా మీదకు రాలేదు. గోదాములో ఎక్కడైనా నీరు కారుతోందేమో, గోతాలు పాతవేమో అని ఆలోచించాను. ఆ ఆలోచనతోనే బావమరిదికి ఫోన్ చేశాను. అతని పరువు తీయాల్సిన పని ఒకటి మిగిలి ఉంది కదా.

"రెండోసారి కూడా నలభై నిమిషాలే," అన్నాను.

"ఎప్పుడు పూశావ్?"

"ఐదింటికి."

"ఇప్పుడు పదకొండు. ఇప్పుడు చూశావా?"

"సున్నా పడ్డాక చూసేదేముంది?"

"అయ్యో బావా!" అని నవ్వాడు. "నిమిషానికోసారి వాసన చూస్తే ఏ ముక్కైనా మొద్దుబారుతుంది. పై వాసన ఒక్కటి పోతే సెంటు పోయిందనుకున్నావా? ఒళ్లు చెమర్చాకే అసలు సరుకు బయటికొస్తుంది. అడుగున ఉన్నది ఊద్. మామూలు చెట్టుకు రాదది. చెట్టు మానుకు బూజు పట్టాలి. ఆ బూజు మీద చెట్టు లోపల్నుంచి జిగురు ఊరి, కర్ర నల్లబడితే అప్పుడు తీస్తారు. ఎంత ఖరీదైందో తెలుసా?"

నా చూపు ఎడమ చేతి మీదకు వెళ్లింది.

"బావా? ఉన్నావా?"

ఫోన్ బల్ల మీద పెట్టి ఎడమ మణికట్టును ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాను. తడిసిన కర్ర. మూసిపెట్టిన కొట్టు. చుట్టూ వెచ్చగా, తీయగా, ఇంకా సన్నగా పొగాకు. వాసన బాగుంది, అది కూడా చెప్పాలి. అరవడం లేదు, తొందర లేదు. దగ్గరకు తెచ్చుకుంటేనే ఉంది, దించితే లేదు. సీసాతో వచ్చిన ఆ పుస్తకంలో రాసింది రాసినట్టు జరిగింది. నేను పొద్దుట్నుంచీ కాయతో పాటు దాన్ని ముక్కు కింద పెట్టుకుని, కాయను తిడుతున్నాను. చెమట తుడుచుకున్న వెంటనే చూసిన లాట్లే బతికిపోయాయి.

మిర్చి యార్డుకు కొత్తగా వచ్చినవాళ్లు గేటు దగ్గరే తుమ్ముతారు, కళ్లు తుడుచుకుంటారు. మాకేమీ తెలియదు. రోజూ ఉన్నదాన్ని ముక్కు లెక్కలోంచి తీసేస్తుంది, అందుకే మాకు మిరప ఘాటు రాదు, తేడా వాసన ఒక్కటే వస్తుంది. ఈ మాట పందొమ్మిదేళ్లుగా కొత్తవాళ్లకు చెబుతున్నది నేనే. చెప్పిన నోటితోనే నలభయ్యో నిమిషంలో సున్నా అన్నాను. లెక్కలు వచ్చినవాడి బుద్ధిహీనత ఇలాగే ఉంటుంది. రానివాడు మళ్లీ ఒకసారి చూస్తాడు.

పన్నెండింటికి కొనుగోళ్లు ఆగిపోతాయి. ఒక హమాలీ దగ్గర కొబ్బరినూనె సీసా ఉంటే అడిగి మణికట్టుకు పట్టించి, కుళాయి దగ్గర బట్టల సబ్బుతో మూడుసార్లు కడిగాను. అయినా నమ్మకం కలగలేదు. భుజం మీద తువ్వాలు తీసి ఎడమ చేతికి మోచేతి దాకా చుట్టుకున్నాను. దెబ్బ తగిలిందనుకుని ఇద్దరు పరామర్శించారు.

ఆవిడ తన బస్తాల మీదే కూర్చుని ఉంది. ఎదురుగా తాలు కాయ కొనే మనిషి నిలబడి, పెద్ద ఉపకారం చేస్తున్నవాడిలా మొహం పెట్టి బేరమాడుతున్నాడు. ఆవిడ సుద్ద గీసిన బస్తా మీద చెయ్యి పెట్టుకుని నేల చూస్తోంది. ఇంకో ఐదు నిమిషాలు పోతే తల ఊపేసేది.

"అమ్మా, ఇంకోసారి చూడనివ్వండి," అన్నాను. పొద్దున లేని ‘అండి’ నోట్లోకి ఎలా వచ్చిందో నాకు తెలుసు.

"చూసినకాడికి చాల్లే."

"తప్పు కాయది కాదు. చేతిది."

"ఎవురి చెయ్యి?"

"నాదే."

ఆవిడ లేచి నిలబడింది. "ఆ గుడ్డ ఇప్పు."

"కడుక్కున్నానండి."

"ఇప్పవయ్యా!"

తువ్వాలు విప్పాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని, బజారులో చేప మొప్ప ఎత్తి చూసినట్టు తిప్పి వాసన చూసింది. నూనె, సబ్బు, వాటి కింద ఆవిడకు కావలసింది దొరికినట్టుంది. "చెప్పలా? ఊదు! నేను చెప్పలా?" అని హమాలీల వైపు తిరిగింది. తర్వాత నా వైపు తిరిగింది.

"పొద్దున ఏమన్నావు? నేను సెంట్లు పూసుకునే మనిషినా అన్లా?"

"అన్నాను."

"అందరి ముందర అన్నావు."

"అవును."

"అయితే అందరి ముందర చెప్పు. చెప్పినాకే బస్తా ముట్టుకో."

నిజం చెప్పాలంటే, ఎవరూ చూడకుండా సుద్ద గీత చెరిపి, ఒక కొనుగోలుదారు చెవిలో మాట వేసి, వ్యవహారం ముగిద్దామనే వచ్చాను. అలా ముగియదని అప్పుడు అర్థమైంది. నేను బూజన్నది గట్టిగా. లేదన్నది చెవిలో చెబితే ఎవరు వంగుతారు? పన్నెండుకు ఇంకా ఇరవై నిమిషాలే ఉంది.

"ఇదిగో, ఇటు వినండి," అని అరిచాను. యార్డులో అరిస్తే గానీ మాట వెళ్లదు. "ఇవాళ నేను చేతికి సెంటు పూసుకొచ్చాను. ఈ లాట్‌ను నా చేతి వాసనతో కొట్టేశాను. మళ్లీ చూస్తున్నాను."

నవ్వులు రేకుల దాకా వెళ్లాయి. కొనుగోలుదార్లు పొట్టలు పట్టుకున్నారు. వాళ్లలో కనీసం ముగ్గురు చంకల్లో డబ్బా స్ప్రే కొట్టుకునే వస్తారు, దాని ధాటికి పక్కన నిలబడలేం. వాళ్లు కాయ విరవరు కాబట్టి వాళ్ల సెంటుకు లెక్క లేదు. "ఏం సెంటు బాబాయ్? మాక్కూడా చెప్పు," అన్నాడొకడు. "తూర్పు దేశాలది," అన్నాను. వేరే జవాబు నా దగ్గర లేదు.

ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాను. ఒక్క కుడి చేత్తో కాయ విరవడం రాలేదు. ఆవిడే విరిచి నా కుడి చేతిలో పెట్టింది. తొమ్మిది బస్తాల నుంచి తొమ్మిది కాయలు. ఒక్కోదానికీ ‘ఏం?’ అన్నట్టు చూసేది. మొదటిది శుభ్రం. రెండోదీ శుభ్రం. తొమ్మిదీ శుభ్రమే. ఎండిన కాయ వాసన, గింజ వాసన, ఎండ. కళ్లంలో పట్టా మీద పడుకున్న మనిషి ఎంత జాగ్రత్తగా ఎండబెట్టిందో ఆ తొమ్మిది కాయల్లో ఉంది, పొద్దుట కూడా ఉంది.

సుద్ద గీతను తువ్వాలుతో రుద్దాను. గోతం నేతలోకి దిగిపోయింది, చెరగలేదు. చివరికి ఆ గుణకారం చుట్టూ పెద్ద సున్నా చుట్టి, కొనుగోలుదార్లను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వంగబెట్టాను. ఇద్దరు పోటీ పడ్డారు. పన్నెండుకు నాలుగు నిమిషాల ముందు ఆవిడ లాట్ ఎర్రకాయగా పోయింది. తాలు కాయ కొనే మనిషి, తనకేదో అన్యాయం జరిగినట్టు నా వైపు చూసి వెళ్లిపోయాడు.

ఆవిడ నాకు థాంక్స్ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆవిడ మీద నాకు గౌరవం తగ్గేది. "పెద్ద ముక్కు," అని మాత్రం అనుకుంటూ గోతాల దారాలు ఏరుకుంది.

కొట్టేసిన మిగతా రెండూ కూడా అలాగే ఒంటి చేత్తో చూశాను. పిడుగురాళ్ల అవతలిది శుభ్రంగా ఉంది, దాని మీద కూడా సున్నా చుట్టి మర్నాటి కొనుగోళ్లకు నిలిపించాను. చిలకలూరిపేటది నిజంగానే బూజు. ఆ రోజు వరుసలో మూడు కొట్టేసి ఒకటి రాశాను. పదిహేడింటికి ఒకటి.

ఇంటికి వచ్చి సంగతి చెబితే మా ఆవిడ నవ్వలేదు. గోడ క్యాలెండరు దగ్గరకు వెళ్లి, ఆదివారం గడిలో పెన్సిలుతో రాసిన అంకె చూపించింది. నేను పుస్తకం మూసేశాక తనే కొలిచిందట. తొమ్మిదిన్నర గంటలు. కంపెనీ వాళ్లు చెప్పినదానికంటే గంటన్నర ఎక్కువ. పొగడ్తల్లో కూడా వాళ్లకు లెక్క సరిగ్గా రాలేదన్నమాట. ఇప్పుడు ఆ సీసా మా ఆవిడ వాడుతోంది, యార్డు సెలవుండే శనివారాలూ ఆదివారాలూ మాత్రమే, అదీ నేను అడిగితే. సాయంత్రం పక్కన కూర్చుంటే ఆ బ్యారన్ తలుపు కొంచెం తెరుచుకుంటుంది. ఈ మాట మా బావమరిదికి చెప్పే ఉద్దేశం నాకు లేదు. ఆ పద్నాలుగు పేజీల పుస్తకాన్ని పదిహేను పేజీలు చేస్తాడు.

నెల తర్వాత ఆ దర్శి ఆవిడ రెండో కోత కాయతో వచ్చింది. ముప్పై ఒక్క బస్తాలు, ఆ రోజు నేను చూడాల్సిన మొదటి లాట్. నేను మొదటి బస్తా మూతి విప్పబోతే అడ్డం నిలబడింది.

"ఏదీ, చెయ్యి ఇటు."

ఎడమ చెయ్యి చాపాను. వాసన చూసింది.

"ఆ కుడిది కూడా."

కుడిది చాపాను. అదీ చూసింది. "ఊఁ. ఇప్పుడు ఇరువు."

కాయ బాగుంది. నేను తల ఊపి అవతలి లాట్ దగ్గరకు వెళ్లాను. ఆ రైతు జరుగుతున్నదంతా చూస్తూ నిలబడ్డాడు. బస్తా విప్పడానికి బదులు మీసం సవరించుకుని, "నాక్కూడా చూపియ్యండి," అన్నాడు. అతని వెనకవాడు అప్పటికే ముందుకు జరిగాడు.

ఆ రోజు పదహారు లాట్లు చూశాను. ముప్పై రెండు సార్లు చేతులు చాపాను.